బీరువా: ముతక ఉన్ని గుడ్డకు మన ఇంటి ఇనప పెట్టెకు ఉన్న చుట్టరికం

పెళ్లికూతురి సారె సామానులో మంచం, పరుపు, బీరువా ఉండాల్సిందే అనుకునే కుటుంబాలు మన దగ్గర ఇప్పటికీ చాలా ఉన్నాయి. పొలం దస్తావేజులు, పట్టుచీరలు, నాలుగు కాసుల బంగారం, పిల్లల సర్టిఫికెట్లు, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న కాస్త డబ్బు, అన్నీ ఉండేది అందులోనే. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు బీరువా ఏ మూల పెట్టాలో ముందే చూసుకుంటారు. నైరుతి మూలలో, తలుపులు ఉత్తరం వైపు తెరుచుకునేలా పెట్టమని వాస్తు చెప్పేవాళ్లు సలహా ఇస్తారు. ఉత్తర దిక్కుకు అధిపతి కుబేరుడు కదా, అందుకు.

వాస్తులోకి, సారెలోకి, తాతల నాటి మాటల్లోకి ఇంతగా కలిసిపోయిన ఈ ‘బీరువా’ ఏ భాష మాట? తెలుగే అనుకునేవాళ్లున్నారు. కాదు, ఉర్దూ నుంచి వచ్చి ఉంటుందనేవాళ్లూ ఉన్నారు. అది ఫ్రెంచి మాట. ఫ్రాన్సులో పుట్టినప్పుడు దానికి అరలూ లేవు, తలుపులూ లేవు, తాళమూ లేదు. అప్పుడది ఒక గుడ్డ పేరు.

గుడ్డ, బల్ల, గది

పాత ఫ్రెంచిలో ‘బ్యూరెల్’ అంటే ముతక ఉన్ని బట్ట. దాని మూలం లాటిన్ భాషలోని ‘బుర్రా’. నూగు లేచిన గరుకు ఉన్నికి ఆ పేరు. మన ‘బుర్ర’కూ దానికీ ఏ సంబంధమూ లేదు. మాటల పుట్టుక వెతికేవాళ్లు మొదట జాగ్రత్తపడాల్సింది ఇలాంటి చోటే. రెండు భాషల్లో రెండు మాటలు ఒకేలా వినిపించడం చుట్టరికానికి రుజువు కాదు. ధ్వని ఎలా మారిందో, అర్థం ఎలా మారిందో, ఏ దారిన వచ్చిందో చెప్పగలిగితేనే చుట్టరికం నిలుస్తుంది. క్రైస్తవ సన్యాసులు వేసుకునే ముతక అంగీ బట్టను ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ‘బ్యూర్’ అంటారు. అది ఈ కుటుంబంలోని మాటే.

ఈ ముతక బట్టను లెక్కలు రాసుకునే బల్లల మీద పరిచేవారు. అలా ‘బ్యూరో’ అంటే బల్ల మీద పరిచే గుడ్డ అయింది. కొన్నాళ్లకు గుడ్డ పరిచిన బల్లనే ‘బ్యూరో’ అన్నారు. తర్వాత ఆ బల్ల ఉన్న గదికి ఆ పేరు వచ్చింది. చివరికి ఆ గదిలో కూర్చుని పనిచేసే ఉద్యోగుల బృందమంతా ‘బ్యూరో’ అయింది. పక్కన ఉన్నదానికి పేరు అంటుకోవడం భాషలో మామూలే. మనమూ ‘ఊరంతా వచ్చింది’ అంటాం, వచ్చేది ఊళ్లోని మనుషులు. ‘స్టేషను వాళ్లు పిలిచారు’ అంటే పోలీసులు పిలిచారని అందరికీ అర్థమవుతుంది.

18వ శతాబ్దంలో ఫ్రాన్సులో వెన్‌సాన్ ద గుర్నే అనే ఆర్థికవేత్త ఉండేవాడు. ఉద్యోగుల రాజ్యం పెరిగిపోతోందని చెప్పడానికి ఆయన ఈ ‘బ్యూరో’కు పాలన అనే అర్థమున్న గ్రీకు మాటను జోడించి ‘బ్యూరోక్రసీ’ అన్నాడు. 1759లో ఆయన పోయాడు, మాట మాత్రం ప్రపంచమంతా పాకింది. ఇవాళ మన పత్రికలు ‘బ్యూరోక్రాట్లు’ అని రాసినప్పుడల్లా ఆ మాట అడుగున ఒక ముతక ఉన్ని గుడ్డ ఉంటుంది.

సామాను పేరు ప్రభుత్వానికి రావడం ఈ ఒక్క మాటతోనే జరగలేదు. బ్రిటన్‌లో ఆర్థిక మంత్రిని ఇప్పటికీ ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అంటారు. రాజుకు రావలసిన పన్నులను లెక్కగట్టే బల్ల మీద చదరంగం బల్లలా గళ్లున్న గుడ్డ పరిచి, ఆ గళ్లలో బిళ్లలు పెట్టి కూడికలు, తీసివేతలు చేసేవారు. 12వ శతాబ్దంలో ఆ గళ్ల గుడ్డ నుంచే ఖజానా శాఖకు ఆ పేరు వచ్చింది. ‘క్యాబినెట్’ అంటే మొదట చిన్న గది. తర్వాత సొరుగులున్న చెక్క సామానుకూ అదే పేరు వచ్చింది. ఆ చిన్న గదిలో రాజుతో కూర్చుని ఆలోచన చెప్పేవాళ్లకు ఆ పేరు దక్కి, ఇవాళ మంత్రివర్గాన్ని క్యాబినెట్ అంటున్నాం. ‘వార్డ్‌రోబ్’ కూడా అంతే. 13వ శతాబ్దపు ఇంగ్లండు రాజుల ‘వార్డ్‌రోబ్’ బట్టలు దాచే చోటుగా మొదలై, రాజు ఖర్చులు, యుద్ధాల జమాఖర్చులు చూసే శాఖగా ఎదిగింది. విలువైనవి ఎక్కడ దాస్తారో అక్కడ లెక్క రాసేవాడు ఉంటాడు. లెక్క రాసేవాడి దగ్గరికే అధికారం వచ్చి చేరుతుంది. ఈ మాటలన్నిటి చరిత్రా చెప్పేది అదే.

మన నోట ‘బీరువా’ అయిన తీరు

ఫ్రెంచివాళ్లు 1669లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. ఆ ఊళ్లో ఫ్రెంచిపేట అనే పేరు ఇప్పటికీ ఉంది. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. 1759లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కాక ఆ పెత్తనం పోయింది కానీ, గోదావరి పాయ ఒడ్డున యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచివాళ్ల కిందే ఉంది. తమిళనాడు పక్కన పుదుచ్చేరి సరేసరి. మరోపక్క ఇంగ్లీషువాళ్లు ఇదే ‘బ్యూరో’ను 17వ శతాబ్దం చివరికే తమ భాషలోకి తెచ్చుకుని, సొరుగులున్న రాతబల్లకు వాడుకున్నారు. వాళ్ల కచేరీలు, బంగళాలు మన కోస్తా పొడవునా వెలిశాయి. ఏ దొర నోట విన్నా, పుట్టినిల్లు మాత్రం ఫ్రెంచే.

ధ్వని సంగతి చూద్దాం. ఫ్రెంచి ‘బ్యూరో’లోని మొదటి అచ్చు మన భాషల్లో లేదు. పెదవులు ‘ఊ’ అనడానికి గుండ్రంగా చుట్టి, నాలుకతో ‘ఈ’ అంటే ఆ ధ్వని పలుకుతుంది. ఒకసారి అద్దం ముందు ప్రయత్నించి చూడండి. వినేవాడి చెవికి అందులో ‘ఈ’ పట్టవచ్చు, ‘యూ’ పట్టవచ్చు. దక్షిణాదిన చెవులు ‘ఈ’ని పట్టాయి. తమిళంలో అది ‘బీరో’, కన్నడంలో ‘బీరు’, తెలుగులో ‘బీరువా’. చివరి ఓకారం మన నోట విడిపోయి ‘ఉవా’ అయింది.

ఆ చివరి దీర్ఘాన్ని కాస్త ఆగి గమనించాలి. తెలుగు నామవాచకాలు సాధారణంగా హ్రస్వంతో ముగుస్తాయి. ఇల్లు, పెట్టె, గది, అర, బల్ల, గోడ, తలుపు, ఏది చూసినా అంతే. సంస్కృతం నుంచి వచ్చిన మాటల దీర్ఘాన్ని కూడా మనవాళ్లు కుదించుకున్నారు. అక్కడి ‘సీతా’ ఇక్కడ సీత, అక్కడి ‘గంగా’ ఇక్కడ గంగ. తర్వాతి కాలంలో పర్షియన్, ఉర్దూ, ఐరోపా భాషల మీదుగా వచ్చిన చాలా మాటలు మాత్రం దీర్ఘం వదులుకోలేదు. కుర్చీ, బాల్చీ, జాడీ, తమాషా, హల్వా, బీరువా ఈ వరసలోవే. ఇంట్లో వాడే వస్తువు పేరు చివర దీర్ఘం వినిపిస్తే అది బయటి నుంచి వచ్చిందేమో అని అనుమానించవచ్చు. నూటికి నూరుపాళ్లు పనిచేసే సూత్రం కాకపోయినా, వెతుకులాట మొదలుపెట్టడానికి మంచి ఆనవాలు.

ఈ మాట మన భాషలోకి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వస్తువుతో పాటు ‘బీరువా’గా వచ్చింది. రెండోసారి ఆధునిక ఇంగ్లీషు చదువుతో, ఆఫీసు అనే అర్థంలో ‘బ్యూరో’గా వచ్చింది. పత్రికల బ్యూరో చీఫ్, పార్టీల పొలిట్‌బ్యూరో, ఏసీబీలోని ‘బీ’, సీబీఐలోని ‘బీ’, అన్నీ అదే. ఏసీబీ అధికారులు ఒక ఇంట్లో సోదా చేసి బీరువా తెరిపించారన్న వార్తలో ఒకే ఫ్రెంచి మాట రెండు వేషాల్లో ఉంటుంది. తెలుగు చెవికి అవి రెండు వేర్వేరు మాటలు. అలా వేరుగా వినిపించడమే న్యాయం కూడా, ఎందుకంటే తెలుగులో వాటి పనులు వేరు.

రాతబల్ల నిలువెత్తు బీరువా ఎలా అయింది?

ఫ్రాన్సులో బల్ల, ఇంగ్లండులో సొరుగుల రాతబల్ల, అమెరికాలో పడకగదిలో బట్టలు పెట్టుకునే సొరుగుల పెట్టె. మరి మన దగ్గర మనిషెత్తు సామాను ఎలా అయింది?

18వ శతాబ్దపు ఇంగ్లీషు ఇళ్లలో ఒక రకం బ్యూరో ఉండేది. కింద మూడు నాలుగు సొరుగులు. వాటి పైన ఏటవాలు మూత. మూతను ముందుకు దించితే అదే రాసుకునే పలక అవుతుంది. ఆ పైన రెండు తలుపుల పుస్తకాల అర. మొత్తం కలిపి మనిషి కన్నా ఎత్తు. కాగితాలు, డబ్బు, ముద్రలు లోపల పెట్టి తాళం వేసుకునేవారు. ఈ రూపాన్ని ఊహించుకుంటే అర్థం మారడంలో వింత కనిపించదు. దొర దానిని రాసుకునే బల్లగా చూసి ఉంటాడు. దాన్ని తుడిచే నౌకరుకు, దాన్ని చూసి అలాంటిదే చేయబూనిన వడ్రంగికి కనిపించేది మాత్రం తలుపులు, అరలు, తాళం ఉన్న ఎత్తైన చెక్క సామాను. మన ఇళ్లకు కావలసింది రాతబల్ల కాదు, దాచుకునే చోటు. అవసరమైన అర్థాన్ని ఉంచుకుని మిగతాది వదిలేశాం.

మన ఆఫీసుల్లో, బళ్లలో, గ్రంథాలయాల్లో కూడా బీరువాలే ఉంటాయి. ఫైళ్ల బీరువా, పుస్తకాల బీరువా, అద్దాల బీరువా అని విశేషణం చేర్చుకుంటాం. ఇంట్లో విశేషణం లేకుండా ఉత్త ‘బీరువా’ అంటే బట్టలు, డబ్బు ఉండేదే.

అలమర: ఆయుధాలు దాచిన చోటు

బీరువాకు మన దగ్గర ఒక సవతి మాట ఉంది. అలమర అనీ, అలమారు అనీ, తెలంగాణలో అల్మారి అనీ అంటారు. ఇది పోర్చుగీసు మాట. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు, 1510లో గోవా పోర్చుగీసువాళ్ల వశమైంది. మేస్త్రి, బొత్తాము, తువ్వాలు, పాదిరి, అనాస లాంటి మాటలతో పాటు వాళ్ల ‘అల్మారియో’ కూడా మన తీరాలకు వచ్చింది. ఇవాళ హిందీ, బెంగాలీల్లో అల్మారీ, మలయాళంలో అలమార, సింహళంలో అల్మారియ. ఉపఖండంలో చాలా చోట్ల పోర్చుగీసు మాటను పట్టుకుంటే తమిళ, తెలుగు, కన్నడ ప్రాంతాలు ఫ్రెంచి మాటకు కూడా చోటిచ్చాయి.

అల్మారియో మూలం లాటిన్‌లోని ‘అర్మారియుం’. ‘అర్మ’ అంటే ఆయుధాలు, పనిముట్లు. ఇంగ్లీషువాళ్ల ‘ఆర్మ్స్’, ‘ఆర్మీ’ అందులోంచి వచ్చినవే. ఆయుధాలు, పనిముట్లు పెట్టే చోటు అర్మారియుం. రోమన్ల కాలానికే అందులో పుస్తకాలు కూడా పెట్టేవారు. మధ్యయుగాల క్రైస్తవ మఠాల్లో పుస్తకాలు చూసుకునే సన్యాసిని ‘అర్మారియుస్’ అనేవారు. మన భాషలో చెప్పాలంటే అలమర అయ్యగారు. మాట మొదటి భాగంలోని ‘ర’ పోయి ‘ల’ రావడానికి కారణం నోటి సౌకర్యం. ఒకే మాటలో రెండు రేఫలు దగ్గరగా వస్తే ఒకదాన్ని ‘ల’గా మార్చి పలకడం చాలా భాషల్లో ఉంది.

కోస్తా ఊళ్లలో చాలా ఇళ్లల్లో ఈ రెండు మాటలకూ పనులు పంచేశారు. గోడలో కట్టి, అరలు వేసి, చిన్న తలుపులు బిగించినది అలమర. గోడకు ఆనించి నిలబెట్టి, కావాలంటే జరుపుకోగలిగినది బీరువా. కొన్ని ఊళ్లలో ఈ తేడా లేదు, రెండూ ఒకటే. బయటి నుంచి రెండు మాటలు వచ్చినప్పుడు ఒకదాన్ని పారేయకుండా, చెరో అర్థం అప్పగించి రెండింటినీ పనిలో పెట్టుకోవడం బతికున్న భాష లక్షణం. ‘అలమర’ చివరి దీర్ఘాన్ని పోగొట్టుకుని అచ్చం ‘గోడ’, ‘బల్ల’ లాగా అయిపోయింది. తెలుగు దాన్ని బీరువా కన్నా ఎక్కువగా అరిగించుకుంది.

ఒకే వస్తువు, తలా ఒక చూపు

కొత్త ఫ్లాట్లలో గోడ పొడవునా చేయించే వాటిని ఇప్పుడు కబోర్డులు, వార్డ్‌రోబులు అంటున్నారు. వాటి వెనకా కథలున్నాయి.

‘కప్‌బోర్డ్’ అంటే కప్పులు పేర్చే పలక. మధ్యయుగపు ఇంగ్లండులో సంపన్నులు వెండి గిన్నెలు, కప్పులు అతిథులకు కనబడేలా ఒక బల్ల మీద పేర్చేవారు. దానికి తలుపులు లేవు, అది దాచేది కాదు, చూపించేది. తర్వాత అరలు వచ్చాయి, తలుపులు వచ్చాయి, మూసి దాచే సామాను అయింది. అర్థం పూర్తిగా తిరగబడినా పేరు మారలేదు. ‘వార్డ్‌రోబ్’లో వార్డ్ అంటే కాపాడడం, రోబ్ అంటే దుస్తు. బట్టలను కాపాడేది అని అర్థం.

మన పొరుగున మరాఠీవాళ్లు బీరువాను ‘కపాట్’ అంటారు. గుజరాతీలో ‘కబాట్’, కన్నడంలో ‘కపాటు’. సంస్కృతంలో ‘కపాటం’ అంటే తలుపు రెక్క. అదే మాట ‘కవాటం’ రూపంలో మనకూ ఉంది. గుడిలో పూజలన్నీ అయ్యాక తలుపులు మూయడాన్ని కవాటబంధనం అంటారు. పాఠ్యపుస్తకాల్లో గుండె కవాటాలు అని చదువుకున్నాం. రక్తాన్ని ఒకవైపుకే పోనిచ్చి వెనక్కి రాకుండా మూసుకునే తలుపులవి. తలుపు పేరు మరాఠీ ఇంట్లో బీరువాకు దక్కింది, తెలుగు బడిలో గుండెకు దక్కింది.

ఇప్పుడు వీటన్నిటినీ వరసగా పెట్టి చూడండి. వస్తువు ఇంచుమించు ఒకటే. అరలు, తలుపులు, తాళం. ఫ్రెంచివాడి పేరులో బల్ల మీది గుడ్డ ఉంది. లాటిన్ పేరులో ఆయుధం ఉంది. ఇంగ్లీషు పేర్లలో కప్పు, దుస్తు ఉన్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన పేరులో తలుపు ఉంది. ఏ పేరూ వస్తువును పూర్తిగా వర్ణించదు. పేరు పెట్టిన రోజున ఆ జనానికి ఏది ముఖ్యమో అదొక్కటే అందులో నిలిచింది. ఆ తర్వాత అది కూడా మరుగున పడింది. బీరువా తెరిచేటప్పుడు ఎవరికీ ఉన్ని గుడ్డ గుర్తుకు రాదు, రానక్కరలేదు. మాట పుట్టుక వేరు, మాట అర్థం వేరు. పుట్టుక చరిత్ర చెబుతుంది. అర్థాన్ని ఇవాళ వాడే జనం నిర్ణయిస్తారు.

బీరువా రాకముందు

బీరువా రాకముందు తెలుగువాళ్లు ఏమీ దాచుకోలేదా? ఎందుకు దాచుకోలేదు! బట్టలకు పెట్టె, సందుగ. కలిగిన ఇళ్లలో భోషాణం. డబ్బుకు, నగలకు ఇనప్పెట్టె. రోజూ కట్టుకునే బట్టలకు దండెం. ధాన్యానికి గాదె, గరిసె. పచ్చళ్ల జాడీలకు అటక. పాలకు, వెన్నకు ఉట్టి. దీపానికి గోడలో గూడు. ఏ వస్తువుకు ఏది చోటో ఆ పేరే చెప్పేది. ఈ పేర్లలోనూ అన్నీ మనవి కావు. సందుగ అరబ్బీ ‘సందూక్’ నుంచి వచ్చింది. ‘ట్రంకు పెట్టె’లోని ట్రంకు అంటే ఇంగ్లీషులో చెట్టు మాను. ఒకప్పుడు మానును తొలిచి పెట్టెలు చేసేవారు కాబట్టి ఆ పేరు.

వీటిలో బట్టల పెట్టె, సందుగ, భోషాణం మూడింటికీ మూత పైకి తెరుచుకుంటుంది. అడుగున ఉన్న చీర కావాలంటే పైవన్నీ తీయాలి. బీరువా తలుపు ముందుకు తెరుచుకుంటుంది. ఏ అరలో ఏముందో నిలబడి ఒక్క చూపులో చూడవచ్చు, కావలసినది ఒక్కటే తీసుకోవచ్చు. ఇది దాచుకునే పద్ధతిలోనే వచ్చిన మార్పు. పెట్టె, సందుగ అనే పాత మాటలు ఈ కొత్త వస్తువుకు సరిపోలేదు. అందుకే వస్తువు తన పేరును వెంటబెట్టుకుని వచ్చింది. అప్పు తెచ్చుకున్న మాటలు చాలావరకు ఇలా అవసరం కొద్దీ వచ్చినవే. భాషకు చేతకాక వచ్చినవి కావు.

మొదట వచ్చినవి చెక్క బీరువాలు. టేకుతో చేయించుకున్నవాళ్లవి తరాలు నిలిచాయి. చవక చెక్కవి చెదకు, వర్షాకాలపు చెమ్మకు లొంగిపోయాయి. ఆ ఇబ్బందిని తీర్చింది ఇనప రేకు. బొంబాయిలో 1897లో తాళాల తయారీతో మొదలైన గోద్రెజ్ కంపెనీ 1923లో ఉక్కు బీరువాల తయారీకి దిగింది. ఆ పేరు ఎంతగా నాటుకుందంటే, పక్క ఊళ్లో రేకు కొట్టి, రంగు వేసి అమ్మిన బీరువాను కూడా ‘గాద్రెజ్ బీరువా’ అనే ఇళ్లున్నాయి.

తలుపు తెరిచి చూస్తే

ఒక మామూలు ఇనప బీరువా ముందు నిలబడి దాని భాగాల పేర్లు చెప్పుకుందాం. రెండు తలుపు రెక్కలు. ఒకదానికి నిలువుటద్దం. మధ్యలో పిడి. తాళంచెవి తిప్పి పిడి వంచితే లోపల పైకీ కిందికీ ఉన్న ఊచలు చట్రంలోంచి బయటికి జారతాయి, తలుపు వదులవుతుంది. లోపల నాలుగైదు అరలు. పై అరలో పాత దుప్పట్లు. మధ్య అరలో మడతపెట్టిన చీరలు, వాటి కింద పరిచిన పాత వార్తాపత్రిక, సందుల్లో కలరా ఉండలు. ఒక పక్క చిన్న తలుపుతో, వేరే తాళంతో లాకరు. దాని కింద సొరుగు.

తలుపు, రెక్క, పిడి, ఊచ, అర, సొరుగు. ‘లాకరు’ ఒక్కటి తీసేస్తే భాగాల పేర్లన్నీ మనవే. బయటి పేరు ఫ్రెంచిది, లోపలంతా తెలుగు. తమిళంలో ‘సొరుగు’ అంటే దోపడం, లోపలికి తొయ్యడం. మన సొరుగు చేసే పనీ అదే. ఇక ‘అర’ సంగతి మరీ ఆసక్తికరం. పాత తెలుగులో దీన్ని బండి ఱ పెట్టి ‘అఱ’ అని రాసేవారు. దానికి గది అనే అర్థమూ ఉంది. తమిళంలో ఇదే మాట ‘అఱై’, అక్కడ ఇప్పటికీ మనిషి ఉండే గదికి అదే పేరు. తెలుగు వాడుకలో అది చీరలు పెట్టే అరగా చిన్నదైంది. ఫ్రాన్సులో బల్ల పేరు పెద్దదై గదికి చేరితే, మన దగ్గర గది పేరు చిన్నదై బీరువా లోపలికి చేరింది.

పరాయి మాట సొంతమాట అయిందని చెప్పడానికి ఇంకో పరీక్ష ఉంది. విభక్తులు, బహువచనం ఎలా పట్టాయో చూడాలి. బీరువాలు, బీరువాలో, బీరువాకి, బీరువా మీద, బీరువాడు బట్టలు. ఎక్కడా తడబాటు లేదు. బిందెతో కొలిచి బిందెడు నీళ్లు అన్నట్టే ‘బీరువాడు చీరలు’ అని కూడా అనగలుగుతున్నామంటే, ఆ మాట మన వ్యాకరణంలో పూర్తిగా ఇమిడిపోయిందనే అర్థం. దీన్ని పరాయిదని తీసేసి కొత్తగా సంస్కృత సమాసం కల్పించాల్సిన అవసరం ఏమాత్రం లేదు. పుట్టుక ఫ్రెంచి అయినా బీరువా తెలుగు మాటే.

అసలు దిగులు పడాల్సింది మరో విషయానికి. వస్తువు పోతే దాని పేరూ పోతుంది. దండెం లేని ఇంట్లో పెరిగిన పిల్లలకు దండెం అనే మాట తెలియదు. ఉట్టి, గరిసె, భోషాణం ఇప్పటికే పుస్తకాల్లోకి వెళ్లిపోతున్నాయి. గోడంతా వార్డ్‌రోబులు వచ్చాక అలమరకూ బీరువాకూ ఉన్న తేడా కూడా చెరిగిపోతుంది. నిఘంటువుల్లో ఇలాంటి తేడాలు అన్నీ ఉండవు. అవి ఉండేది ఇళ్లలో, పెద్దవాళ్ల నోళ్లలో.

అందుకే పాఠకులకు ఒక్క మనవి. మీ ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే, వాళ్ల చిన్నప్పుడు బట్టలు, బంగారం, ధాన్యం, పచ్చళ్లు దేంట్లో దాచేవారో అడగండి. మీ ఊళ్లో దేన్ని అలమర అంటారు, దేన్ని బీరువా అంటారు, సొరుగుకు ఇంకేమైనా పేరుందా, అటకను మరేమైనా అంటారా, అన్నీ అడిగి ఊరి పేరుతో సహా ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకాన్ని బీరువాలో దాచేయకండి. పిల్లలకు చదివి వినిపించండి.